రాయలసీమ క్రైస్తవ కుటుంబాల్లో ఇంటి బోధన: బేతంచెర్ల నేపథ్యంలో గృహవిద్యా భావన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పిల్లలను బడిలో చేర్చకుండా తల్లిదండ్రులే ఇంటివద్ద చదివించే పద్ధతి ‘గృహవిద్య’గా ప్రచారంలో ఉంది. పాశ్చాత్య దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, ఈ పద్ధతి విస్తరించడానికి క్రైస్తవ కుటుంబాలు ప్రధాన కారణమయ్యాయి. రాయలసీమ క్రైస్తవ కుటుంబాల్లోనూ ఇంటి బోధనకు దీర్ఘచరిత్ర ఉంది. అయితే అది బడిని కాదనుకొన్న బోధన కాదు, బడిని ఆశ్రయించుకొని పెరిగిన బోధన. ఈ భేదాన్ని చారిత్రక, కౌటుంబిక, చట్టపరమైన కోణాల నుంచి వివరించి, నాపరాతి పనిమీద బతికే బేతంచెర్ల వంటి ఊళ్ళలో గృహవిద్య ఎదుర్కొనే ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గృహవిద్య, ఇంటి బోధన, కుటుంబ ప్రార్థన, క్రైస్తవ మిషన్లు, విద్యాహక్కు చట్టం, బాలకార్మిక చట్టం, బేతంచెర్ల, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:
బేతంచెర్ల నాపరాతికి పేరుపడిన ఊరు. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలో నంద్యాల, డోన్‌ల నడుమ ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. చుట్టుపక్కల సున్నపురాతి పొరల నుంచి తీసిన బండలను ఇక్కడి పాలిష్ ఫ్యాక్టరీల్లో కోసి, నునుపుచేసి దూరప్రాంతాలకు పంపుతారు. వాన నమ్మకంలేని నేలలో సేద్యంతోపాటు గనిపని, ఫ్యాక్టరీపని, కూలిపని ఇక్కడి కుటుంబాలకు ఆధారాలు. 2011 జనగణన ప్రకారం నాటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. స్త్రీలలో అది సుమారు 50 శాతం.

ఇటువంటి ప్రాంతంలో ‘క్రైస్తవ కుటుంబం తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకోవడం’ అన్న మాటకు అర్థం ఏమిటి? అమెరికాలోని ఒక మధ్యతరగతి కుటుంబానికి ఆ మాట స్ఫురింపజేసే అర్థమే ఇక్కడా స్ఫురిస్తుందా? ఈ రెండు ప్రశ్నలు ఈ పరిశీలనకు మూలం. చర్చలో స్పష్టతకోసం రెండు పదాలను వేరువేరుగా వాడడం అవసరం. బడికి బదులుగా ఇంట్లో సాగే సంపూర్ణ విద్యాభ్యాసం ‘గృహవిద్య’. బడి చదువుతోపాటు ఇంట్లో జరిగే నేర్పు ‘ఇంటి బోధన’. రెండింటినీ ఒకే మాటతో వ్యవహరించడంవల్ల స్థానిక చరిత్ర మరుగునపడుతుంది.

2. గృహవిద్య: భావన, నేపథ్యం:
పిల్లలకు విశ్వాసాన్ని బోధించవలసిన తొలి బాధ్యత తల్లిదండ్రులదే అన్నది క్రైస్తవ సంప్రదాయంలో ప్రాచీనమైన భావన. యూదులకు, క్రైస్తవులకు ఉమ్మడి గ్రంథమైన ద్వితీయోపదేశకాండంలోని 6వ అధ్యాయం దీనికి ఆధారం. దినచర్యలోని ప్రతి ఘట్టమూ బిడ్డకు బోధించదగిన సమయమే అన్నది ఆ అధ్యాయం సారాంశం. 1529లో మార్టిన్ లూథర్ రచించిన ‘చిన్న ప్రశ్నోత్తరి’ కూడా ఇంటి యజమాని తన ఇంటివారికి బోధించడానికి ఉద్దేశించిందే. ఆ ప్రశ్నోత్తరి తెలుగుకు చాలా ముందుగానే వచ్చింది. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులో సిద్ధంచేసిన ప్రశ్నోత్తరి 18వ శతాబ్ది మధ్యలో జర్మనీలోని హాలే నగరంలో అచ్చయింది. తెలుగు ముద్రణ చరిత్రలోని తొలి పుస్తకాలలో ఇంటి బోధనకు ఉపకరించే పుస్తకం ఉండడం గమనించదగిన విషయం.

ఆధునిక గృహవిద్యా చింతనకు మరో ఆధారం ఇంగ్లండుకు చెందిన విద్యావేత్త షార్లట్ మేసన్ (1842–1923). 1886లో వెలువడిన ‘హోమ్ ఎడ్యుకేషన్’ గ్రంథంలో ఆమె చిన్నచిన్న పాఠాలు, ప్రకృతి పరిశీలన, విన్న కథను బిడ్డ తన మాటల్లో తిరిగి చెప్పడం వంటి పద్ధతులను ప్రతిపాదించారు. ఈనాటికీ అనేక క్రైస్తవ గృహవిద్యా కుటుంబాలు ఆమె పద్ధతులను అనుసరిస్తున్నాయి.

అమెరికాలో 1970ల నుంచి గృహవిద్య ఉద్యమరూపం పొందింది. బడి పిల్లల సహజ జిజ్ఞాసను అణచివేస్తుందని వాదించిన జాన్ హోల్ట్ ఒకవైపు, ప్రభుత్వ బడి లౌకిక భావాలను రుద్దుతుందని విమర్శించిన రష్‌డూనీ వంటి మతచింతకులు మరోవైపు దీనికి భూమికను సిద్ధంచేశారు. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రానికి, యోడర్ అనే ఆమిష్ విశ్వాసికి నడుమ సాగిన వ్యాజ్యంలో, ఎనిమిదో తరగతి తర్వాత పిల్లలను బడికి పంపాలని ఆమిష్ తల్లిదండ్రులను నిర్బంధించరాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1983లో గృహవిద్యా కుటుంబాల న్యాయరక్షణకోసం ప్రత్యేక సంఘం ఏర్పడింది. 1990ల తొలినాళ్ళకు అన్ని రాష్ట్రాల్లోనూ గృహవిద్య చట్టబద్ధమైంది.

ఈ చరిత్రలో ఒక ముందుషరతు దాగి ఉంది. అక్కడి కుటుంబాలు అందరికీ అందుబాటులో ఉన్న బడిని చూసి, పరీక్షించి, ఆ తర్వాత వద్దనుకొన్నాయి. వద్దనుకోవడానికి ముందు బడి తమదై ఉండాలి. రాయలసీమ క్రైస్తవ సమాజాల చరిత్ర ఇక్కడే వేరుపడుతుంది.

3. రాయలసీమ క్రైస్తవ సమాజం – బడి:
రాయలసీమలో ప్రొటెస్టెంటు మిషన్ల కృషి 19వ శతాబ్ది ఆరంభంలో మొదలైంది. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో కేంద్రాలను నెలకొల్పింది. ఆ శతాబ్ది మధ్యకాలంనుంచి ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, ఆ తర్వాత నంద్యాల కేంద్రాలుగా పనిచేసింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ స్థిరపడింది. నంద్యాలలోని ఎస్.పి.జి. ఉన్నత పాఠశాల, కర్నూలులోని కోల్స్ మెమోరియల్ ఉన్నత పాఠశాల ఆ కృషికి మిగిలిన గుర్తులు.

ఈ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఊరి వీథిబడి వారి పిల్లలకు అందనిది. అక్షరం అంటరానితనపు గోడకు అవతల ఉన్నప్పుడు మిషన్ బడి వాడలోకే వచ్చింది. చాలాచోట్ల ప్రార్థన జరిగే కప్పు కిందనే పగలు బడి నడిచేది. ఉపాధ్యాయుడే ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించినవాడే సాయంత్రం పెద్దలకు వాక్యం చదివి వినిపించేవాడు.

అందువల్ల ఈ సమాజాల్లో బడి, విశ్వాసం పరస్పర విరుద్ధాలుగా ఎదగలేదు. బిడ్డను బడికి పంపడం విశ్వాసానికి అపాయం కాదు, విశ్వాసం తెచ్చిన గౌరవానికి నిదర్శనం. బడి గడప దాటడం ఆ కుటుంబానికి తరతరాల నిషేధాన్ని దాటడంతో సమానం. అమెరికన్ గృహవిద్యా ఉద్యమానికి మూలమైన బడిపట్ల అపనమ్మకం ఇక్కడ వేరూనలేకపోవడానికి ఇదే ప్రధాన కారణంగా కనిపిస్తుంది. బడిలో అవమానం ఎదురైన సందర్భాల్లో సైతం ఈ సమాజాలు కోరుకొన్నది బడిలో సమానస్థానమే గాని బడినుంచి విముక్తి కాదు.

4. దైనందిన కుటుంబ జీవితంలో ఇంటి బోధన:
బడిని ఇంతగా ఆశ్రయించిన కుటుంబాల్లో ఇంటి బోధన లేకపోలేదు. కుటుంబ ప్రార్థన దానికి ప్రధాన రూపం. రాత్రి భోజనానికి ముందో తర్వాతో ఇంటిల్లిపాదీ చాపమీద కూర్చుంటారు. ఒక కీర్తన, ఒక బైబిలు భాగం, దానిమీద రెండు మాటలు, ఆపై ప్రార్థన అన్నది సామాన్యక్రమం. పని ఆలస్యమైన రోజున క్రమం కుదించుకుపోతుంది, అలసిన పిల్లలు మధ్యలోనే నిద్రపోతారు. అయినా ఏళ్ళతరబడి సాగే ఈ అలవాటులో మూడురకాల విద్య ఇమిడి ఉంది.

మొదటిది పఠనం. 19వ శతాబ్ది మధ్యకాలంలో సంపూర్ణ తెలుగు బైబిలు అచ్చులోకి వచ్చిన తర్వాత అనేక నిరుపేద కుటుంబాలకు అది ఇంట్లో ఉన్న ఏకైక గ్రంథమైంది. పాఠ్యపుస్తకాలు ఏటా మారినా ఆ గ్రంథం మారదు. దాని గ్రాంథిక ఛాయగల వచనం పిల్లల పదసంపదలో భాగమవుతుంది. వాడలో మాట్లాడే మాండలికానికి, బడిలో చదివే ప్రమాణభాషకు తోడు మూడో భాషాస్థాయి ఆ ఇళ్ళలో వినిపిస్తుంది.

రెండవది గానం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల రచనలతో రూపొందిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంప్రదాయం దేశీ రాగతాళాలను ప్రార్థనలోకి తెచ్చింది. చదువురాని తల్లి సైతం పదుల కొద్దీ కీర్తనలను నోటికి పాడగలదు. బిడ్డ పుస్తకం చూసి పాడుతున్నప్పుడు తప్పిన చరణాన్ని తల్లి సరిదిద్దే సందర్భంలో అక్షరజ్ఞానంలేని ఆమే గురువు.

మూడవది ధారణ. ఆదివారపు బడిలోను, వేసవి సెలవుల్లో జరిగే వి.బి.ఎస్. తరగతుల్లోను నేర్పిన కంఠతవాక్యాలను పిల్లలు ఇంట్లో అప్పజెబుతారు. విన్న కథను తిరిగి చెప్పించడం షార్లట్ మేసన్ పద్ధతిలో ప్రధానాంశం. ఆమె పేరైనా వినని ఇళ్ళలో కూడా ఆదివారంనాటి కథను రాత్రి అవ్వకు చెప్పే పిల్లలు ఆ సాధనే చేస్తుంటారు.

ఇక్కడ గృహవిద్యా భావనకు పూర్తిగా విరుద్ధమైన ఒక అంశం ఉంది. గృహవిద్యలో తెలిసిన తల్లిదండ్రులు తెలియని బిడ్డకు చెబుతారు. తొలితరం అక్షరాస్యుల ఇంట్లో ఈ దిశ తిరగబడుతుంది. కుటుంబ ప్రార్థనకు చదువరి కావలసివచ్చినప్పుడు ఆ పని బడికి వెళ్ళే బిడ్డకు అప్పగిస్తారు. పెద్దలు వింటారు, అర్థం చెబుతారు, అనుభవంతో అన్వయిస్తారు. అక్షరం బిడ్డది, అర్థం పెద్దలది. బడి ఇచ్చిన అక్షరం లేకపోతే ఆ ఇంటి బోధనే సాగదు. బడి, ఇల్లు ఒకదానినొకటి పోషించే ఈ సంబంధమే రాయలసీమ క్రైస్తవ ఇంటి బోధనకు ప్రత్యేకత.

5. గృహవిద్య – భారతీయ చట్టం:
2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 21–ఎ అధికరణను చేర్చి, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమికహక్కుగా ప్రకటించింది. దానిని అమలుపరచే విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని ఈ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించనివారికి శిక్షను మాత్రం విధించలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక వ్యాజ్యం సందర్భంగా, ఇంటివద్ద చదివించుకోవడానికి ఈ చట్టం అడ్డురాదని కేంద్రప్రభుత్వం ప్రమాణపత్రం సమర్పించి, ఆ తర్వాత దానిని ఉపసంహరించుకొంది. గృహవిద్యను చట్టం స్పష్టంగా అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు.

మరికొన్ని అంశాలను కలిపి చూడవలసి ఉంది. 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా పాఠశాల నడపడం నేరం. కనుక నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఇంట్లోనో మందిరంలోనో పిల్లలందరికీ పూర్తిస్థాయి చదువు చెప్పించడం మొదలుపెడితే అది గుర్తింపులేని బడిగా పరిగణించబడే అవకాశముంది. 2014లో ‘ప్రమతి’ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాకవర్గాల విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పునిచ్చింది. ఆ రక్షణ 30వ అధికరణ కింద స్థాపితమైన సంస్థలకు సంబంధించినది. ఒక క్రైస్తవ కుటుంబం తన ఇంటిని అటువంటి సంస్థగా చెప్పుకోవడానికి ఆ తీర్పు ఆధారం కాదు.

ఇంటివద్ద విద్యను చట్టం నేరుగా గుర్తించిన సందర్భం ఒకటుంది. 2012లో జరిగిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యంగల పిల్లలు ఇంటివద్దనే విద్య పొందే హక్కును ఎంచుకోవచ్చు. ఇది తల్లిదండ్రుల విశ్వాసాన్ని బట్టి కాక బిడ్డ అవసరాన్ని బట్టి ఇచ్చిన హక్కు.

6. ధ్రువపత్రాల ప్రశ్న:
గృహవిద్య పొందిన పిల్లలు పరీక్షలు రాయడానికి మార్గాలున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయులతోపాటు పదో తరగతి, ఇంటర్ స్థాయి పరీక్షలను నిర్వహిస్తుంది. 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం రాష్ట్రస్థాయిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలకు అవకాశం కల్పిస్తోంది. పరీక్షవరకు చిక్కులేదు. బడి ఇచ్చేది పరీక్షాఫలితం ఒక్కటే కాకపోవడంలోనే చిక్కంతా ఉంది.

పేద కుటుంబానికి బడి రిజిస్టరు ఒక ఆస్తిపత్రం వంటిది. పుట్టినతేదీకి, కులానికి, స్థానికతకు అదే సాక్ష్యం. 371–డి అధికరణ కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉన్నతవిద్యా ప్రవేశాల్లో స్థానిక అభ్యర్థిగా పరిగణన పొందడానికి అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఏ విద్యాసంస్థలోనూ చదవనివారు అంతకాలం నివాసాన్ని నిరూపించుకోవచ్చునని ఆ ఉత్తర్వే చెబుతుంది. నియమం గృహవిద్యకు తలుపు మూయలేదు. అయితే స్టడీ సర్టిఫికెట్లు చూపే కుటుంబానికి, కార్యాలయాల చుట్టూ తిరిగి నివాసం నిరూపించుకోవలసిన కుటుంబానికి మధ్య దూరం తక్కువది కాదు. పనికోసం ఊళ్ళు మారే కూలీలకు ఈ నిరూపణ మరింత కష్టం.

కులధ్రువీకరణ ఇంతకంటె సున్నితమైన విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించినవారు షెడ్యూల్డు కులాల పరిధిలోకి రారు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బి.సి.–సి వర్గం కింద, 1 శాతం రిజర్వేషన్ పరిధిలో ఉన్నారు. ఇంట్లో ఆచరించే విశ్వాసానికి, పత్రంలో నమోదయ్యే మతానికి మధ్య ఈ నియమం సృష్టించిన ఉద్రిక్తత దళిత క్రైస్తవ కుటుంబాల జీవితంలో నిత్యమైనది. విశ్వాసాన్నే కారణంగా చూపి బిడ్డను బడి మాన్పించడం అమెరికన్ కుటుంబానికి మతస్వేచ్ఛా ప్రకటన. ఇక్కడి కుటుంబానికి అదే ప్రకటన మొత్తం సామాజికస్థాయి నిర్ధారణతో ముడిపడుతుంది.

ఆర్థికమైన ముడి కూడా ఉంది. 2020 జనవరిలో మొదలైన ‘అమ్మఒడి’ పథకం పిల్లలను బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయల సాయాన్ని ప్రకటించి, 75 శాతం హాజరును షరతుగా పెట్టింది. 2025లో వచ్చిన ‘తల్లికి వందనం’ కూడా బడిలో చదివే పిల్లల ఆధారంగానే అందుతుంది. ప్రభుత్వ బడిలో మధ్యాహ్నభోజనం, పుస్తకాలు, దుస్తులు వీటికి అదనం. బిడ్డను ఇంట్లో చదివించుకోవడమంటే కూలి కుటుంబం వీటన్నిటినీ వదులుకోవడమే.

7. నాపరాతి ఊరిలో ఇంట్లో ఉన్న బిడ్డ:
గృహవిద్యకు బోధించగల పెద్దవారు పగలంతా ఇంట్లో ఉండాలి. దంపతులిద్దరూ గనికో, పాలిష్ ఫ్యాక్టరీకో, పొలానికో వెళ్ళక తప్పని ఇంట్లో ఆ వసతి లేదు. అటువంటి ఇంట్లో బడికి పోని బిడ్డ చెల్లెలిని ఎత్తుకొని తిరుగుతుంది, నీళ్ళు తెస్తుంది, అన్నం వండుతుంది, లేదా పెద్దల వెంట పనిచోటికి వెళుతుంది. అందువల్లనే బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికులుగానే భావించాలన్న సూత్రాన్ని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ ప్రతిపాదించి, పూర్తికాలపు బడికోసం కృషిచేసింది. ఆ కృషికి గుర్తింపుగా శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకొన్నారు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని నిషేధిస్తూ, బడివేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబవృత్తిలో సాయపడడానికి మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపుకు ‘బడివేళలు’ అన్న మాటే హద్దు. బడే లేని ఇంట్లో ఆ హద్దును గీసేదెవరు? పుస్తకం పట్టుకొన్న గంట చదువుగాను, గిన్నె పట్టుకొన్న గంట సాయంగాను విడదీసి చూపే గంట ఆ ఇంట్లో మోగదు. గృహవిద్యా సమర్థకులు బిడ్డ ఇంటిపనిలో పాలుపంచుకోవడాన్ని విద్యలో భాగంగానే భావిస్తారు. సంపన్న గృహంలో ఆ భావన సమంజసమే. బిడ్డ శ్రమ లేకుంటే గడవని ఇంట్లో అదే మాట శ్రమను కప్పిపుచ్చే ముసుగు కాగలదు. ఆడపిల్లల విషయంలో ఈ అపాయం మరింత ఎక్కువ.

8. ప్రతివాదం – పరిశీలన:
ఈ వాదానికి ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. బడి ఉన్నంతమాత్రాన చదువు వస్తుందా? హాజరుపట్టీలో పేరుండి, చదవడం రాని పిల్లలు లేరా? బడిలో కులం పేరుతో చిన్నబుచ్చబడిన పిల్లలు లేరా? ఇవి తోసిపుచ్చదగిన ప్రశ్నలు కావు. చదువుకొన్న తల్లి లేదా తండ్రి ఇంట్లో ఉండి, శ్రద్ధతో బోధించగలిగిన కుటుంబాల్లో గృహవిద్య బడికంటె మెరుగైన ఫలితం ఇవ్వవచ్చు. అనారోగ్యంతోనో వైకల్యంతోనో బడికి దూరమైన బిడ్డకు అదే శరణ్యం కావచ్చు.

అయితే ఆ సామర్థ్యం ఎక్కడిది? నేడు బిడ్డకు ఇంట్లో పాఠం చెప్పగల తల్లి, ఒకనాడు తన తల్లిదండ్రులు కష్టపడి బడికి పంపిన కూతురు. గృహవిద్యకు కావలసిన మూలధనం ముందుతరాల బడి చదువే. ఆ మూలధనం ఇంకా సమకూరని ఇళ్ళకు గృహవిద్యను ఆదర్శంగా చూపడం నిచ్చెన ఎక్కకముందే దానిని తీసివేయడం అవుతుంది.

9. ముగింపు:
పై పరిశీలననుంచి ఈ అంశాలను గుర్తించవచ్చు.

• అమెరికన్ క్రైస్తవ గృహవిద్య అందరికీ అందిన బడిని వద్దనుకోవడం నుంచి పుట్టింది. రాయలసీమ క్రైస్తవ ఇంటి బోధన అందని బడిని అందుకోవడంతోపాటు పెరిగింది. రెండింటికీ ఆధారమైన గ్రంథం ఒకటే అయినా సామాజికమూలాలు వేరు.

• కుటుంబ ప్రార్థన, కీర్తనలు, కంఠతవాక్యాలు మతాచారాలు మాత్రమే కావు. అవి పఠన, గాన, ధారణలను నేర్పే అనియత విద్యారూపాలు. వీటిని తెలుగు విద్యాచరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.

• తొలితరం అక్షరాస్యుల ఇళ్ళలో బిడ్డ చదవడం, పెద్దలు అర్థం చెప్పడం అనే క్రమం గృహవిద్యా సిద్ధాంతాల్లో కనిపించని ప్రత్యేకత. క్షేత్రపరిశోధనకు ఇది అనువైన విషయం.

• గృహవిద్యపై చట్టం వహించిన మౌనం అన్ని కుటుంబాలకూ ఒకే ఫలితాన్ని ఇవ్వదు. కలిగినవారికి అది స్వేచ్ఛ. ధ్రువపత్రాలమీద, బడితో ముడిపడిన సాయంమీద ఆధారపడిన కుటుంబాలకు అది అరక్షిత స్థితి.

• బాలకార్మిక చట్టంలోని ‘బడివేళలు’ అన్న హద్దు గృహవిద్య విషయంలో ఎలా వర్తిస్తుందో విధానకర్తలు స్పష్టపరచవలసి ఉంది.

బేతంచెర్లవంటి ఊరిలో రాతిదుమ్ము కడుక్కొని చాపమీద కూర్చున్న తల్లిదండ్రులకు ఐదో తరగతి చదివే బిడ్డ దీపంవద్ద వాక్యం చదివి వినిపించే ఇంటికి గృహవిద్య అన్న పేరు సరిపోదు. ఆ బిడ్డ తెల్లవారి బడికి వెళితేనే మరునాటి రాత్రి చదువు ముందుకు సాగుతుంది. ఇంటి బోధనకు, బడికి ఉన్న ఈ అన్యోన్య సంబంధాన్ని నిలబెట్టడమే ఈ ప్రాంతపు కుటుంబాలకు శ్రేయస్కరం.